ఎండకు పెట్టిన సీసాలు

ఇటలీలోని బొలోన్యా నగరం. 1908 వేసవి. విశ్వవిద్యాలయ రసాయనశాల మేడ మీద ఆరుబయలు వసారా. అడుగు పెట్టడానికి చోటు లేదు. ఎటు చూసినా గాజే. గుండ్రటి బుడ్లు, పొడుగు సీసాలు, మూతిని మంటలో కరిగించి మూసేసిన గొట్టాలు. కొన్నిట్లో నీళ్లలాంటి తేట ద్రవం, కొన్నిట్లో లేత పసుపు, కొన్నిట్లో అడుగున పేరుకుంటున్న స్ఫటికాలు. పొయ్యి లేదు. దీపం లేదు. కలియబెట్టే మనిషి లేడు. పైన సూర్యుడు మాత్రం ఉన్నాడు.

ఆ గాజుసామాను మధ్య గడ్డం పెంచిన యాభై ఏళ్ల మనిషి ఒకాయన నడుస్తున్నాడు. ఒక గొట్టం తీసి వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూశాడు. రంగు మారిందా? అడుగున ఏమైనా చేరిందా? చేరకపోతే మళ్లీ దాని చోట దాన్ని పెట్టేయడమే. వారం కాదు, నెల కాదు, కొన్ని సీసాలకు ఏడాది పైనే పడుతుంది. మబ్బు పట్టినరోజు పని లేదు. చలికాలంలో పని నత్తనడక. ఆయనకు తొందర లేదు.

ఆయన పేరు జాకొమో చమిచాన్. ఆ సీసాల మధ్య ఆయన నిలబడ్డ ఫొటో ఇప్పటికీ ఉంది. కాంతిరసాయన శాస్త్రం చరిత్ర చెప్పేవాళ్లు తరచూ ఆ బొమ్మనే మొదట చూపిస్తారు. చూపించాలి కూడా. అప్పటిదాకా రసాయన శాస్త్రమంటే నిప్పు. కాచడం, మరిగించడం, ఆమ్లంలో ఉడికించడం. వెలుతురు అంటే మందు సీసాలను పాడుచేసేది, గుడ్డల రంగు వెలవెలబోయేలా చేసేది. దాన్ని పనిముట్టుగా చేతిలోకి తీసుకుని, ఏళ్ల తరబడి వరసగా, పట్టు వదలకుండా ప్రయోగాలు చేసినవాళ్లలో ఈయనదే మొదటి పేరు. ఈయనతో పాటు ఇంకో పేరు కూడా చెప్పాలి. పాల్ సిల్బర్.

చమిచాన్ 1857లో త్రియెస్తెలో పుట్టాడు. అప్పుడది ఆస్ట్రియా ఏలుబడిలోని రేవుపట్నం. కుటుంబం మూలాలు ఆర్మీనియావి. వియన్నాలో చదివి, జర్మనీలోని గీసెన్‌లో డాక్టరేట్ తెచ్చుకుని, రోమ్‌లో స్తనిస్లావో కానిజ్జారో ప్రయోగశాలలో చేరాడు. పరమాణు భారాల చిక్కుముడి విప్పిన కానిజ్జారో ఆయనే. ఆ ప్రయోగశాలలోనే సిల్బర్ అనే జర్మన్‌తో స్నేహం కుదిరింది. ఆ స్నేహం వాళ్లను రోమ్ నుంచి పాదువాకు, 1889లో బొలోన్యాకు కలిపి నడిపించింది. పత్రం మీద ఇద్దరి పేర్లూ పక్కపక్కనే ఉండేవి: చమిచాన్, సిల్బర్. వేరుచేసి చదవడం కష్టం.

వెలుతురు సంగతి రోమ్‌లోనే మొదలైంది. 1886 ప్రాంతంలో క్వినోన్ అనే పసుపు పదార్థాన్ని ఆల్కహాల్‌లో కరిగించి ఎండకు పెట్టారు. అది హైడ్రోక్వినోన్‌గా మారింది. ఏ మందూ వేయలేదు. అదే కాలంలో జర్మనీలోని బాన్ నగరంలో హైన్రిఖ్ క్లింగర్ కూడా ఇలాంటిదే చూశాడు. బొలోన్యా జంట ఈ పని మీదే పూర్తిగా కూర్చున్నది మాత్రం 1900 తర్వాత. ఆ తర్వాతి పద్నాలుగేళ్లూ 'కాంతి రసాయన చర్యలు' అనే ఒకే శీర్షిక కింద పత్రాల వరస వచ్చింది. ఇటాలియన్‌లో ఒకసారి, జర్మన్‌లో ఒకసారి.

వాళ్ల జాగ్రత్త చూడండి. ఎండ అంటే వేడి కూడా కదా, మార్పు తెస్తున్నది వేడేనేమో అన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. అందుకని రంగు ద్రావణాలను అడ్డుపెట్టి వెలుతురును విడదీశారు. ఎర్రటి కాంతిలో ఏమీ జరగలేదు. నీలం, ఊదా వైపు కాంతి తగిలినచోట అణువు కదిలింది. అంటే పని చేస్తున్నది వేడి కాదు.

1901లో వాళ్లు చూసినదాన్ని నేను ఈ కథకు గుండెకాయ అంటాను. ఆర్థో-నైట్రోబెంజాల్డిహైడ్ అనే పదార్థాన్ని బెంజీన్‌లో కరిగించి ఎండకు పెడితే అడుగున వేరే పదార్థం స్ఫటికాలుగా దిగింది. అది ఆర్థో-నైట్రోసోబెంజోయిక్ ఆమ్లం. లెక్క కట్టి చూస్తే బయటి నుంచి ఒక్క పరమాణువు వచ్చి చేరలేదు, లోపలి నుంచి ఒక్కటీ పోలేదు. ఆక్సిజన్ పరమాణువు ఒకటి ఉన్నచోటు వదిలి పక్క గుంపులోకి మారిందంతే. రసాయన శాస్త్రంలో దీన్నే పునర్విన్యాసం అంటాం. సామాను అదే, అమరిక వేరు. అమరిక మారితే రంగు, వాసన, గుణం, మందైతే దాని పనితీరు, అన్నీ మారిపోతాయి. అణువు లోపల అలాంటి సర్దుబాటును వెలుతురు ఒక్కటే, చల్లగా, చడీచప్పుడు లేకుండా చేయగలదని ఆ స్ఫటికాలు చెప్పాయి.

1908లో ఇంకో వింత. సోయకూర గింజలకు ఆ ఘాటు వాసన ఇచ్చే కార్వోన్‌ను ఏడాదికి పైగా ఎండలో ఉంచితే అది తనలో తానే ముడిపడి పంజరంలాంటి కొత్త అణువైంది. దానికి కార్వోన్ కాంఫర్ అని పేరు పెట్టారు. ఈనాటి యంత్రాలు ఒక్కటీ లేని రోజుల్లో, స్ఫటికం కరిగే ఉష్ణోగ్రత, బరువులు, విశ్లేషణలు మాత్రమే ఆధారంగా దాని నిర్మాణం ఇదీ అని చెప్పారు. 1957లో అమెరికాలో జార్జ్ బ్యూకీ మళ్లీ చేసి చూసి, వాళ్లు చెప్పింది నిజమని తేల్చాడు. దాదాపు యాభై ఏళ్ల తర్వాత!

* * *

అదే 1908. జర్మనీలోని మార్‌బుర్గ్. ఇక్కడ వసారా లేదు, ఎండ లేదు. ఉన్నది ప్రయోగశాల గది, వేడి చేసిన బుడ్డి, దాని మూతి నుంచి లేస్తున్న ఘాటైన పొగ. కార్ల్ తెయోఫిల్ ఫ్రీస్‌కు అప్పుడు 33 ఏళ్లు. ఫింక్ అనే సహచరుడితో కలిసి ఆయన కూమరనోన్లనే పదార్థాల వెంట పడ్డాడు. అందుకోసం ఫినాల్ ఎస్టర్లను తీసుకుని అల్యూమినియం క్లోరైడ్ కలిపి వేడి చేశాడు.

ఎస్టర్ అంటే ఏమిటో ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. బెంజీన్ వలయానికి ఒక ఆక్సిజన్, ఆ ఆక్సిజన్‌కు ఎసైల్ గుంపు అనే తోక తగిలించి ఉంటే అది ఫినాల్ ఎస్టర్. ఫ్రీస్ చూసిందేమిటంటే, వేడికీ అల్యూమినియం క్లోరైడ్‌కూ ఆ తోక ఆక్సిజన్‌ను వదిలేసి వలయం మీదకే వచ్చి అతుక్కుంటోంది. ఒక్కోసారి ఆక్సిజన్ పక్క కార్బన్ మీద, అంటే ఆర్థో స్థానంలో. ఒక్కోసారి ఎదుటి కొసన, పారా స్థానంలో. మన డిగ్రీ విద్యార్థులు ఫినాల్స్ పాఠంలో చదివే ఫ్రీస్ పునర్విన్యాసం ఇదే. వేడి తక్కువైతే పారా ఎక్కువ, వేడి ఎక్కువైతే ఆర్థో ఎక్కువ అని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లు ఈ పేజీ చదువుతున్నవారిలో చాలామంది ఉంటారు. పరిశ్రమకూ పనికొచ్చింది. పారాసిటమాల్ తయారీకి ఉన్న దారుల్లో ఒకటి ఈ పునర్విన్యాసం మీదుగానే పోతుంది.

కాని ఖర్చు చూడండి. అల్యూమినియం క్లోరైడ్ చిటికెడు వేస్తే చాలదు, ఎస్టర్‌కు సమానంగానో అంతకు మించో పోయాలి. తేమ తగిలితే చాలు, హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఆవిర్లు కక్కుతుంది. చివర్లో నీళ్లు పోసి చల్లార్చితే మిగిలేది పారబోయాల్సిన ఆమ్లపు మడ్డి. అణువులో సున్నితమైన భాగాలు ఇంకేమైనా ఉంటే అవి ఈ దెబ్బకు తట్టుకోవు.

ఒకే ఏడాది, ఆల్ప్స్ పర్వతాలకు అటూ ఇటూ రెండు ప్రయోగశాలలు. ఒకచోట అణువుల అమరికను ఎండ మారుస్తోంది. ఇంకోచోట అల్యూమినియం క్లోరైడ్, నిప్పు మారుస్తున్నాయి. ఈ రెండు దారులు ఒకచోట కలవడానికి ఇంకో 52 ఏళ్లు పట్టింది.

* * *

1912 సెప్టెంబర్ 11. న్యూయార్క్. అనువర్తిత రసాయన శాస్త్రం ఎనిమిదో అంతర్జాతీయ మహాసభ. ఆ రోజుల్లో రసాయన పరిశ్రమ అంటే ఎంత ధీమా ఉండేదో ఆ వేదిక మీది వక్తలను చూస్తే తెలుస్తుంది. బాయర్ కంపెనీ నుంచి కార్ల్ డూయిస్‌బెర్గ్ వచ్చి కృత్రిమ రబ్బరు గురించి చెప్పాడు. బీఏఎస్ఎఫ్ నుంచి బెర్న్‌ట్‌సెన్ వచ్చి గాలిలోని నైట్రోజన్‌తో అమ్మోనియా చేయడం గురించి చెప్పాడు. ఒత్తిడి, ఉష్ణోగ్రత, బొగ్గు. ఆ మాటల మధ్యలో బొలోన్యా నుంచి వచ్చిన చమిచాన్ లేచాడు.

ఆయన అడిగిన ప్రశ్న సూటిగా ఉంది. ప్రపంచం ఏటా 110 కోట్ల టన్నుల బొగ్గు తవ్వి తగలేస్తోంది. బొగ్గు అంటే మరేమీ కాదు, ఎప్పుడో కాసిన ఎండ. పాత ఎండను తవ్వుకుని తింటున్నాం సరే, ఇవాళ కాస్తున్న ఎండ మాటేమిటి? చెట్టు ఆకు చేస్తున్న పనిని మనిషి గాజులో చేయలేడా? పంట పండని ఎడారుల్లో గాజు గొట్టాలు పరిచి, గాజు గదులు కట్టి, పొగ లేని పరిశ్రమలు పెట్టే రోజు వస్తుందని ఆయన ఆ సభలో చెప్పాడు. బొగ్గు అయిపోయినా మానవ నాగరికతకు వచ్చిన భయం లేదని, సూర్యుడున్నంత కాలం బతుకూ ఉంటుందని ధైర్యం చెప్పాడు. ఆ ప్రసంగం పేరు 'భవిష్యత్తు కాంతిరసాయన శాస్త్రం'. అదే నెలలో 'సైన్స్' పత్రికలో అచ్చయింది.

వాతావరణ మార్పు అన్న మాట అప్పటికి జనం నోట లేదు. ఈనాటి సౌర ఫలకం లేదు. ఆయన చేతిలో ఉన్నది మేడ మీది సీసాల అనుభవం ఒక్కటే. ఎండ ఎంత నెమ్మదిగా పనిచేస్తుందో ఆయనకంటే బాగా తెలిసినవాడు ఆ సభలో ఇంకొకడు లేడు. నెమ్మదని తెలిసి కూడా ఆయన దాన్నే నమ్మాడు. ఆ ప్రసంగం చదివిన ప్రతిసారీ నన్ను కదిలించేది ఈ నమ్మకమే.

రెండేళ్లు తిరగకుండానే యుద్ధం వచ్చిపడింది. 1915లో ఇటలీ కూడా అందులో దిగింది, ఆస్ట్రియా మీద. ఆ పక్షంలోనే జర్మనీ ఉంది. సిల్బర్ జర్మన్. మూడు దశాబ్దాల సహచరుడు ఇటలీ వదిలి పోవాల్సి వచ్చింది. ఇద్దరి పేరుతో నడిచిన పత్రాల వరస అక్కడితో ఆగిపోయింది. దాని గురించి ఏం రాసినా తక్కువే. చమిచాన్ మొక్కల రసాయన శాస్త్రం మీద పని కొనసాగించాడు కాని ఆ మేడ మీది జంట పని మళ్లీ మొదలు కాలేదు. 1922 జనవరి 2న ఆయన పోయాడు. నోబెల్ బహుమతికి చాలాసార్లు ఆయన పేరు పంపారు, ఒక్కసారీ రాలేదు. బొలోన్యా విశ్వవిద్యాలయ రసాయన విభాగానికి మాత్రం ఇవాళ ఆయన పేరే ఉంది.

* * *

ఇంత ఎండ, ఇన్ని సీసాలు, ఇన్నేళ్లు. మరి ఫ్రీస్ ఎస్టర్ల మార్పు బొలోన్యా మేడ మీద ఎందుకు బయటపడలేదు?

జవాబు ఆ గాజులోనే ఉంది. ఫినైల్ ఎసిటేట్ లాంటి సాదా ఎస్టర్ అన్ని రకాల వెలుతురునూ పట్టించుకోదు. అది మింగే కాంతి తరంగదైర్ఘ్యం 250-280 నానోమీటర్ల దగ్గర ఉంటుంది, కంటికి కనపడని అతినీలలోహితం. సూర్యుడి నుంచి బయలుదేరిన ఆ కాంతిని పైన ఓజోన్ పొర ఆపేస్తుంది. నేల దాకా వచ్చేది సుమారు 290 నానోమీటర్లు దాటినదే. అందులోనూ కొసది మామూలు గాజు తాగేస్తుంది. కాబట్టి ఆ ఎస్టర్‌ను గాజు బుడ్డిలో పోసి పదేళ్లు ఎండకు పెట్టినా దానికి కావలసిన కాంతి ఒక్క రేణువు కూడా అందదు. క్వార్ట్జ్ పాత్ర కావాలి, పాదరస దీపం కావాలి.

1960. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్. కాలిన్ రీస్ అప్పటికి యువ అధ్యాపకుడు, అలెగ్జాండర్ టాడ్ దగ్గర పరిశోధన చేసినవాడు. తర్వాతి కాలంలో కేంద్రకామ్లాల గొలుసులను కృత్రిమంగా కట్టే విద్యలో పెద్ద పేరు తెచ్చుకున్నాడు. ఆయనా, జె. సి. ఆండర్సన్ అనే సహచరుడూ కాటెకాల్ మోనోఎసిటేట్ అనే ఫినాల్ ఎస్టర్‌ను ద్రావణంగా చేసి, అతినీలలోహిత దీపం కింద పెట్టారు. అల్యూమినియం క్లోరైడ్ లేదు. ఆమ్లం లేదు. మరిగించడం లేదు. దీపం ఆర్పి, ద్రావణాన్ని ఆవిరిచేసి, మిగిలినదాన్ని విడదీశారు.

ఎసైల్ గుంపు ఆక్సిజన్‌ను వదిలి వలయం మీదకు వచ్చేసి ఉంది. పక్క స్థానంలో కొంత, ఎదుటి స్థానంలో కొంత. ఫ్రీస్ బుడ్డిలో జరిగినదే ఇక్కడా జరిగింది, వట్టి వెలుతురుతో.

ఇద్దరూ చిన్న పత్రం ఒకటి రాసి లండన్ కెమికల్ సొసైటీ ప్రొసీడింగ్స్‌కు పంపారు. కాంతి ప్రేరిత ఫ్రీస్ పునర్విన్యాసం అన్న మాట ఆ శీర్షికతోనే శాస్త్రంలోకి వచ్చింది. ఇప్పుడు అందరూ ఫొటో-ఫ్రీస్ అంటారు. ఇంకో సంగతి. ఆ పత్రం వెలువడేనాటికి కార్ల్ ఫ్రీస్ బతికే ఉన్నాడు. 85 ఏళ్ల వయసు. 1962లో మార్‌బుర్గ్‌లోనే కన్నుమూశాడు. ముప్పై మూడేళ్ల వయసులో తాను పొగల మధ్య కనుక్కున్న చర్యను ఒక దీపం చల్లగా చేసి చూపించే రోజు దాకా ఆయన ఉన్నాడు.

* * *

ఫలితం ఒకటే అయినంత మాత్రాన దారి ఒకటే అనుకోకూడదు. ఈ కథలో నిజమైన నాటకం ఇక్కడే ఉంది. కంటికి కనపడనంత చిన్న చోట, రెప్పపాటులో కోటానుకోట్ల వంతు కాలంలో నడిచే నాటకం.

అల్యూమినియం క్లోరైడ్ ఎస్టర్‌ను పట్టుకుని, ఎలక్ట్రాన్లను తన వైపు లాక్కుని, తోకను ధనావేశంతో విడగొడుతుంది. వెలుతురు అలా లాగదు. అతినీలలోహిత కాంతి రేణువు ఒకటి వలయంలో దిగగానే అణువు ఒక్కసారిగా ఉత్తేజితమవుతుంది. ఆక్సిజన్‌కూ ఎసైల్‌కూ మధ్య ఉన్న బంధంలో రెండు ఎలక్ట్రాన్లుంటాయి. ఆ బంధం సరిగ్గా నడిమికి తెగుతుంది, చెరో ఎలక్ట్రాన్‌తో. ఇప్పుడు అక్కడున్నవి రెండు రాడికల్స్. ఒకటి ఫినాక్సీ, ఒకటి ఎసైల్. రెండూ ఒంటరి ఎలక్ట్రాన్‌తో తోడు కోసం ఆరాటపడుతున్నవే.

అవి దూరంగా పారిపోవచ్చుగా? పోలేవు. చుట్టూ ద్రావణి అణువులు ఒత్తుకుని ఉన్నాయి. కోటప్పకొండ తిరునాళ్ల జనంలో చెయ్యి జారిన అన్నదమ్ముల్లాంటి పరిస్థితి అది. చెయ్యి విడిపోయింది కాని జనం కదలనివ్వరు, ఇద్దరూ ఇంకా పక్కపక్కనే ఉన్నారు. మళ్లీ చెయ్యి చాచితే ఈసారి చెయ్యే దొరకాలని లేదు, భుజం దొరకొచ్చు, చొక్కా కొస దొరకొచ్చు. రసాయన శాస్త్రవేత్తలు ఆ ఇరుకును ద్రావణి పంజరం అంటారు. ఫినాక్సీ రాడికల్‌లో ఒంటరి ఎలక్ట్రాన్ ఆక్సిజన్ మీదే కూర్చుని ఉండదు. వలయంలోని రెండు ఆర్థో కార్బన్ల మీదకూ పారా కార్బన్ మీదకూ పరుచుకుంటుంది. ఆ రెంటి మధ్యనున్న మెటా స్థానాల్లో దాని జాడ దాదాపు ఉండదు. అందుకే ఎసైల్ మళ్లీ వచ్చి పట్టుకునేది ఆక్సిజన్‌నైనా కావచ్చు, ఆర్థోనైనా, పారానైనా కావచ్చు. ఆక్సిజన్‌నే పట్టుకుంటే మళ్లీ పాత ఎస్టరే, ఏమీ జరగనట్టే. వలయాన్ని పట్టుకుంటే కొత్త అణువు. తర్వాత ఆ కార్బన్ మీది హైడ్రోజన్ మెల్లగా ఆక్సిజన్ దగ్గరకు చేరుతుంది, వలయం తన నిలకడను తిరిగి పొందుతుంది. పంజరంలోంచి ఎలాగో జారిపోయిన ఫినాక్సీ మాత్రం దారిలో దొరికిన హైడ్రోజన్‌ను లాక్కుని వట్టి ఫినాల్‌గా మిగిలిపోతుంది.

పంజరం నిజంగా ఉందా, లేక కల్పనేనా? 1962లో డ్యూపాంట్ కంపెనీలో కోబ్సా అనే శాస్త్రవేత్త బెంజీన్ వలయం ఉన్న రకరకాల ఎస్టర్లతో ప్రయోగాలు చేసి, బంధం తెగి మళ్లీ అతుక్కునే పద్ధతిలోనే ఇది జరుగుతోందని చెప్పాడు. 1972లో మేయర్, జార్జ్ హామండ్ ఒక చక్కని పని చేశారు. ద్రావణి అనేదే లేకుండా చేశారు. ఫినైల్ ఎసిటేట్‌ను ఆవిరి రూపంలో ఉంచి కాంతి పంపారు. చుట్టూ గుంపు లేదు, పంజరం లేదు. బంధం తెగింది, ముక్కలు ఎటువాటివి అటు పోయాయి. ఫినాల్ దొరికింది. పునర్విన్యాసం జరిగిన అణువు దొరకలేదు. ఎంత సూటి ప్రశ్న, ఎంత సూటి జవాబు! దీనికి మించిన రుజువు నాకు తెలిసి ఈ విషయంలో ఇంకొకటి లేదు.

ఆ పంజరాన్ని మన చేతుల్లోకి తీసుకోలేమా అని తర్వాత వచ్చినవాళ్లు ఆలోచించారు. చక్కెర అణువుల వలయమైన సైక్లోడెక్స్‌ట్రిన్ లోపల ఎస్టర్‌ను కూర్చోబెట్టి కాంతి పంపితే ఆర్థో, పారా పాళ్లు మారతాయి. ఇక్కడ మనవాళ్ల పాత్ర కూడా ఉంది. 1980ల్లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో వి. రామమూర్తి బృందం ఇలాంటి ఇరుకు గదుల్లో కాంతి చర్యలను శ్రద్ధగా పరిశీలించింది. 2004లో మ్యూనిక్ శాస్త్రవేత్తలు లేజర్ మెరుపులతో ఈ నాటకాన్ని నడుస్తుండగానే చూశారు. బంధం తెగడానికి 2 పికోసెకన్లు, విడిపోయినవి మళ్లీ కలవడానికి 13. పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్ల వంతు. చమిచాన్ ఏడాది పాటు కాచుకు కూర్చున్నది ఇలాంటి క్షణాల కోసం. ఒక్కో అణువుకు పట్టే సమయం ఇంత చిన్నది. ఏడాది పట్టింది, ఆ సీసాలకు సరైన కాంతి చాలినంత అందక.

* * *

ఈ చర్యకు ఒక లోపం ఉంది. ప్రయోగశాలలో చేసినవాళ్లకు బాగా తెలుసు. పుట్టిన కొత్త అణువు, ముఖ్యంగా ఆర్థో రూపం, అతినీలలోహిత కాంతిని ఎస్టర్ కంటే ఆత్రంగా మింగుతుంది. మొదట చకచకా నడిచిన చర్య పోనుపోను మందగిస్తుంది, తయారైన సరుకే వచ్చే వెలుతురుకు అడ్డం నిలబడుతుంది కాబట్టి. ఆర్థో రూపంలో ఆక్సిజన్ మీది హైడ్రోజన్ పక్కనున్న కార్బొనైల్‌కు దగ్గరగా ఉంటుంది. కాంతి మింగగానే ఆ హైడ్రోజన్ అటు ఒకసారి దూకి, మళ్లీ వెనక్కి వస్తుంది. ఆ దూకుడులో మింగిన శక్తి అంతా వేడిగా మారి చెదిరిపోతుంది. అణువుకు ఏ గాయమూ కాదు. మళ్లీ మింగడానికి సిద్ధం.

బుడ్డిలో లోపమైన ఈ గుణం బయట ఎండలో కవచమైంది. అదెలాగో చెప్పాలంటే ప్లాస్టిక్ దగ్గరకు రావాలి. 1953లో, డూయిస్‌బెర్గ్ ఒకప్పుడు నడిపిన బాయర్ కంపెనీలోనే, హెర్మన్ ష్నెల్ పాలీకార్బొనేట్ కనుక్కున్నాడు. అదే ఏడాది అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్‌లో డేనియల్ ఫాక్స్ విడిగా అదే కనుక్కున్నాడు. అద్దంలా తేటగా, సుత్తి దెబ్బకు పగలకుండా ఉండే ప్లాస్టిక్. కారు హెడ్‌లైట్ల అద్దాలు, హెల్మెట్ ముందు కవచాలు, ఎండ పడే పైకప్పులు. దాని గొలుసులో ప్రతి కొక్కెమూ ఫినాల్ కార్బొనేట్, అంటే ఎస్టర్‌కు దగ్గరి చుట్టం. చిన్న తరంగదైర్ఘ్యపు అతినీలలోహితం తగిలితే ఆ కొక్కెం ఫొటో-ఫ్రీస్ పద్ధతిలోనే మారి మొదట ఫినైల్ సాలిసిలేట్ తరహా నిర్మాణంగా, తర్వాత డైహైడ్రాక్సీబెంజోఫినోన్‌గా అవుతుంది. ఆరుబయట ఆక్సీకరణం కూడా తోడై ఇంకా చెడుస్తుంది. పాత కార్ల హెడ్‌లైట్లు పచ్చబారి మసకేయడం వెనక ఉన్న రసాయన శాస్త్రంలో ఇదొక భాగం. అందుకే వాటి మీద రక్షణ పూత వేస్తారు.

ఆ పూతకు ఇదే చర్యను వాడుకుంటే? 1971లో మొన్సాంటో కంపెనీ శాస్త్రవేత్తలు ఆ ఆలోచనను అచ్చువేశారు. బెంజీన్ వలయాలున్న పాలీఎస్టర్ పొరను పూతగా వేశారు. ఎండ తగలగానే దాని పైపొరలోని ఎస్టర్లు ఫొటో-ఫ్రీస్‌తో హైడ్రాక్సీబెంజోఫినోన్లుగా మారాయి. అవి అతినీలలోహితాన్ని మింగి, కింది పొరల దాకా దాన్ని చేరనివ్వలేదు. పాడుచేయడానికి వచ్చిన ఎండే తనకు అడ్డుగోడ కట్టింది. రిసార్సినాల్‌తో చేసిన పాలీఎస్టర్లు ఆధారంగా ఇదే సూత్రంతో తర్వాత వాణిజ్య ప్లాస్టిక్‌లు వచ్చాయి. మందుల తయారీలోనూ దీనికి చోటు దొరికింది. 1970ల్లో ఆండ్రూ కెండే బృందం డానోరూబిసిన్ అనే కేన్సర్ మందులోని ప్రధాన అణు భాగాన్ని కట్టే దారిలో ఫొటో-ఫ్రీస్‌ను వాడింది.

నా తీర్పు చెబుతాను. చమిచాన్ కల గాజు గొట్టాల ఎడారిగా నిజం కాలేదు. కాని ఆయన పట్టుకున్న మూల విషయం నిలిచింది. వెలుతురు వేడికి బదులుగా వాడుకునే చవక సరుకు కాదు, అది తనదైన దారిలో బంధాన్ని తెంచి కలిపే పనిముట్టు. ఇవాళ ప్రయోగశాలల్లో సన్నటి గొట్టాల గుండా ద్రావణాన్ని పారిస్తూ, చుట్టూ ఎల్ఈడీలు వెలిగించి కాంతి చర్యలు జరుపుతున్నారు. 1912 నాటి గాజు గొట్టాలకు ఇవి వారసులే.

మన డిగ్రీ పుస్తకాల్లో ఫ్రీస్ పునర్విన్యాసం అల్యూమినియం క్లోరైడ్‌తోనే మొదలై దానితోనే ముగుస్తుంది. కాంతి దారి ఎం.ఎస్సీ. దాకా ఎదురుపడదు, అక్కడా చాలాసార్లు ఒక బాణం గుర్తు, దాని మీద రెండు అక్షరాలతో సరి. రసాయన శాస్త్రం చెప్పే అధ్యాపకులకు నా విన్నపం ఒక్కటే. ఆ రెండు దారులనూ ఒకే గంటలో, ఒకే బోర్డు మీద, పక్కపక్కన వేసి చూపించండి. ఆవిరిలో చేస్తే ఏమవుతుందని పిల్లలను అడిగి, వాళ్లు జవాబు చెప్పేదాకా ఆగండి. కళాశాలలో క్వార్ట్జ్ పాత్ర, అతినీలలోహిత దీపం, కళ్లకు రక్షణ అద్దాలు ఉంటే ఒక మధ్యాహ్నం ఆ ప్రయోగం వాళ్ల చేతనే చేయించండి.